ప్రపంచంలో వచ్చే ముప్పులు, మన పొదుపు: దీర్ఘకాల మదుపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లుగా నెలనెలా దాచుకుంటున్న మనిషిని కాబట్టి, టీవీలో పెద్ద వార్త వచ్చిన ప్రతిసారీ చుట్టాలు, ఆఫీసు వాళ్లు నాకు ఫోన్ చేస్తారు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ఫండ్ కొనాలి, ఏ షేరు అమ్మాలి అన్నది ఇందులో ఉండదు. యుద్ధం, మహమ్మారి, వరద, ధరల మంట లాంటివి పదిహేను, ఇరవై ఏళ్ల పొదుపును ఏ దారిన తాకుతాయో చెప్పడమే నా ఉద్దేశం.

యుద్ధం ఎక్కడో జరుగుతుంటే నా సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే పొదుపు) ఎందుకు పడిపోతుంది?

మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే బ్యారెల్ ధర 120 డాలర్లు దాటింది. చమురుకు ఎక్కువ డాలర్లు కావాలంటే రూపాయి బలహీనపడుతుంది. లారీ కిరాయి పెరుగుతుంది, దాని వెంటే కూరగాయల ధర కూడా. ధరలను అదుపు చేయడానికి రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచుతుంది. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది. హోమ్‌లోన్ ఉన్నవాళ్లకు ఈఎంఐ రూపంలోనో, అదనపు నెలల రూపంలోనో ఆ భారం పడింది. వడ్డీ పెరిగితే కంపెనీల ఖర్చూ పెరుగుతుంది. అమెరికాలోనే మంచి వడ్డీ వస్తుంటే విదేశీ మదుపరులు ఇక్కడ షేర్లు అమ్ముకుని వెళ్లిపోతారు. సిప్ విలువ తగ్గినట్టు మీ ఫోన్‌లో కనిపించే సరికి ఇన్ని మెట్లు దాటి వచ్చి ఉంటుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు చమురు ధర ఎగిసింది. అదే సమయంలో అక్కడ పనిచేసే మనవాళ్లు దాదాపు 1.7 లక్షల మంది విమానాల్లో తిరిగొచ్చారు. ఖర్చు పెరిగిన నెలల్లోనే గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే డబ్బు ఆగింది. 1991లో దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకమే మిగిలింది. బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పీవీ నరసింహారావు ప్రధాని అయ్యింది ఆ పరిస్థితిలోనే. గల్ఫ్‌లో మనిషి ఉన్న కోనసీమ, కరీంనగర్ కుటుంబాలకు ఆ రోజులు బాగా గుర్తుంటాయి.

నేను అసలు షేర్లే కొనలేదు. నాకేం సంబంధం?

పీఎఫ్ ఉందా? ఉంటే మీరు మార్కెట్‌లో ఉన్నట్టే. పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే డబ్బులో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌ల (మార్కెట్ సూచీలోని షేర్లను కలిపి కొనే ఫండ్ల) ద్వారా షేర్లలో పెడుతోంది. మొదట 5 శాతం ఉండేది, తర్వాత 15కి పెరిగింది. పీఎఫ్ లేకపోయినా వంటనూనె కొంటారు కదా. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వారాల్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర చూసి ఎంతమంది ఉలిక్కిపడ్డారో గుర్తు చేసుకోండి. మనకొచ్చే ఆ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది.

డబ్బు బ్యాంకులోనే ఉంచితే ముప్పు ఉండదు కదా?

ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు, వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి వరకు అది లక్షే. అత్యవసరానికి దాచే డబ్బుకు ఎఫ్‌డీ మంచి చోటు, అందులో నాకు అనుమానం లేదు. నేనూ ఆరు నెలల ఇంటి ఖర్చు ఎఫ్‌డీలోనే ఉంచుతాను.

ఇరవై ఏళ్ల డబ్బు సంగతి వేరు. ఇవాళ మీ ఇంటి ఖర్చు నెలకు 30,000 రూపాయలు అనుకుందాం. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఏళ్ల తర్వాత అదే జీవితానికి నెలకు సుమారు 96,000 కావాలి. ఎఫ్‌డీ వడ్డీ 6.5 శాతం వచ్చి, అందులో పన్ను పోతే చేతికి మిగిలేది ధరల పెరుగుదల కంటే తక్కువే. అంకె పెరుగుతూనే ఉంటుంది, దాంతో కొనగలిగేది మాత్రం తగ్గుతూ పోతుంది. అన్ని ముప్పుల్లోకీ నాకు ఎక్కువ భయం దీని గురించే. దీనికి బ్రేకింగ్ న్యూస్ ఉండదు కాబట్టి ఎవరూ నాకు ఫోన్ చేయరు.

దీర్ఘకాలం అంటే ఎన్నేళ్లు? ఆగితే ఎప్పటికైనా లాభమేనా?

మన అనుభవం చూస్తే ఆగినవాళ్లకు ఇప్పటిదాకా మంచే జరిగింది. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ (బొంబాయి షేర్ మార్కెట్ సూచీ), సెప్టెంబరు 15న అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీశాక అక్టోబరు చివరికి 8,500 దగ్గరకు పడింది. ఆ పాత శిఖరాన్ని దాటి నిలబడటానికి 2013 చివరి దాకా పట్టింది. అంటే దాదాపు ఆరేళ్లు. కోవిడ్ అప్పుడు పడటమూ వేగంగానే జరిగింది, లేవటమూ అంతే. 2020 మార్చి 23న ఒక్క రోజులో 13 శాతం పోయింది, అదే ఏడాది నవంబరులో పాత గరిష్ఠం దాటేసింది.

అయితే "ఎప్పటికైనా" అనే మాట దగ్గర నేను జాగ్రత్తగా ఉంటాను. కారణం జపాన్. ఆ దేశపు నిక్కీ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్ఫై నాలుగేళ్లు! అప్పుడు ముప్ఫై ఏళ్ల వయసులో ఉన్న ఉద్యోగి రిటైర్మెంట్‌కు వచ్చేశాడు. జపాన్ పేద దేశం కాదు, వాళ్ల కంపెనీలు చెత్తవీ కావు. 1980లలో షేర్లు, భూములు రెండూ అర్థం లేని ధరకు ఎక్కాయి. ఆ తర్వాత జనాభా ముసలిదైంది, ఏళ్ల తరబడి ధరలు పెరగలేదు. అయినా ఒకేసారి కాకుండా నెలనెలా కొంటూ పోయినవాళ్లు, డివిడెండ్ (కంపెనీ తన లాభంలో పంచే వాటా) మళ్లీ పెట్టినవాళ్లు అంత ఘోరంగా నష్టపోలేదు. తమ డబ్బులో కొంత వేరే దేశాల్లో పెట్టినవాళ్లు ఇంకా బాగున్నారు.

నా లెక్కలో పదేళ్ల లోపు అవసరమయ్యే డబ్బును మొత్తంగా షేర్లలో పెట్టకూడదు. ఐదేళ్ల లోపు అవసరమైతే అసలు పెట్టకూడదు.

రాబోయే ముప్పును ముందే పసిగట్టవచ్చా?

ప్రపంచ ఆర్థిక వేదిక 2006 నుంచి ప్రపంచ ముప్పుల మీద నివేదికలు ఇస్తోంది. 2020 జనవరి నివేదికలో, జరిగే అవకాశం ఎక్కువున్న మొదటి ఐదూ పర్యావరణానికి సంబంధించినవే. అంటువ్యాధులు ఆ వరుసలో పైన ఎక్కడా లేవు. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ నివేదిక రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లని నేను అనను. వందల మంది నిపుణులను అడిగి రాస్తారు. అంతమంది కలిసి చూసినా రెండు నెలల దూరంలో ఉన్నది కనిపించలేదంటే, వాట్సాప్‌లో వచ్చే "మార్కెట్ క్రాష్ తేదీ" మెసేజ్‌ను నమ్మి డబ్బు తీసేయడంలో అర్థం లేదు.

మరి తెలియని దానికి ఎలా సిద్ధపడాలి?

ఏం వస్తుందని అడగడం మానేసి, ఏది వచ్చినా ఒకే దెబ్బకు నావి ఎన్ని పోతాయి అని అడగండి. ఈ పేజీలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా పిన్ని వాళ్లది భీమవరం దగ్గర. పొలమంతా రొయ్యల చెరువులే. చేతిలో మిగిలిన డబ్బును పక్క చెరువుల వాళ్లకే వడ్డీకి ఇచ్చారు. ఇంకాస్త మిగిలితే "మనకు తెలిసిన రంగమే కదా" అని ఆక్వా కంపెనీ షేర్లు కొన్నారు. వాళ్ల దృష్టిలో అవి మూడు రకాల ఆస్తులు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకాన్ని మొత్తం 50 శాతానికి చేర్చింది. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. కొనేవాళ్లు రొయ్యల ధర తగ్గించి అడిగారు, అప్పు తీసుకున్నవాళ్లు గడువు అడిగారు, షేర్లు పడ్డాయి. వాషింగ్టన్‌లో తీసుకున్న ఒక్క నిర్ణయం మూడు చోట్లా ఒకేసారి తగిలింది. పిన్ని తప్పేం చేయలేదు, తెలిసిన చోటే పెట్టింది. తెలిసిన చోటే అంతా ఉండిపోవడం వల్ల వచ్చిన చిక్కు అది.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగికీ ఇదే పరిస్థితి. జీతం అమెరికా క్లయింట్ నుంచి, పోర్ట్‌ఫోలియోలో సగం ఐటీ షేర్లు, కంపెనీ ఇచ్చిన స్టాక్, గచ్చిబౌలి వైపు ఫ్లాటు, దాని మీద లోను. అమెరికాలో మాంద్యం వస్తే హైక్ ఆగుతుంది, షేరు పడుతుంది, ఫ్లాటుకు అద్దె తగ్గుతుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడిన రోజు ఆ షేరు విలువలో ముప్పావు వంతుకు పైగా ఒక్క రోజులో పోయింది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని ఆ వేల మందిలో పొదుపు కూడా అదే షేరులో పెట్టుకున్నవాళ్ల బాధ నేను దగ్గర నుంచి చూశాను.

కాగితం తీసుకోండి. మీ జీతం ఎవరి నుంచి వస్తుంది, ఇల్లు ఎక్కడుంది, డబ్బు ఎక్కడెక్కడుంది, ఎవరికి అప్పిచ్చారు అని రాయండి. పక్కనే డాలరు, చమురు, అమెరికా మాంద్యం, వరద, వడ్డీ రేటు, మీ కంపెనీ మూతపడటం అని వరుసగా రాసి, ఏది దేన్ని తాకుతుందో గీతలు గీయండి. ఎక్కువ గీతలు ఒకే చోటికి వస్తే మార్చాల్సింది అక్కడే.

భూమి కొంటే చాలు కదా? అది ఎక్కడికీ పోదు.

మనవాళ్లకు భూమి మీద ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. ఎన్నో కుటుంబాలు ఎకరం అమ్మి పిల్లలను చదివించాయి. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. భూమి ఎక్కడికీ పోలేదు. ఆ నీళ్లను చూసినవాళ్లు అక్కడ ప్లాటు కొనడానికి మాత్రం రెండుసార్లు ఆలోచిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఇంటికి బీమా ఉన్నవాళ్లు ఎంతమంది? కారుకు తప్పకుండా బీమా కడతాం, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన ఇంటికి కట్టం. ఈ ఒక్క అలవాటు మారినా పర్యావరణ ముప్పులో పెద్ద భాగం తీరుతుంది. ప్లాటు కొనేముందు పాత చెరువుల మ్యాపు చూడండి. ఊరి పెద్దవాళ్లను "ఇక్కడ నీళ్లెప్పుడైనా నిలిచాయా" అని అడగండి.

ఇంకో చిక్కు ఉంది. ఆసుపత్రి బిల్లు కోసం ప్లాటులో పది గజాలు కోసి అమ్మలేం.

బంగారం?

కొంత ఉండాలి. భయం ఉన్నప్పుడు బంగారం పెరుగుతుంది, రూపాయి పడినా మన దగ్గర దాని ధర పెరుగుతుంది. 2015 నవంబరులో గ్రాముకు 2,684 రూపాయలకు ఇచ్చిన మొదటి ప్రభుత్వ గోల్డ్ బాండ్లకు ఎనిమిదేళ్ల తర్వాత 6,132 చెల్లించారు, మధ్యలో వడ్డీ కూడా వచ్చింది. అది చూసి మొత్తం బంగారంలోకే మార్చాలనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెబుతాను. 1980 జనవరిలో ఔన్సు దాదాపు 850 డాలర్లకు వెళ్లింది. మళ్లీ ఆ ధర కనిపించింది 2008లో.

వాతావరణ మార్పు కంపెనీల లాభాలను నిజంగా తాకుతుందా, లేక మాటలేనా?

కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ అనే కరెంటు కంపెనీ ఉంది. కరెంటు అందరికీ కావాలి, పోటీ లేదు, డివిడెండ్ కోసం నిశ్చింతగా కొనుక్కునే తరహా షేరు. 2018 నవంబరులో దాని పాత లైను ఒకటి తెగి మంట రాజుకుంది. కరువుతో ఎండిపోయి ఉన్న అడవి అంటుకుని పారడైజ్ అనే ఊరు బూడిదైంది, 85 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది మంటలతో కలిపి బాధ్యత 3,000 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని లెక్కవేసి, 2019 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వైరు మార్చడం ఆలస్యం చేయడం ఎప్పుడూ ఉన్న నిర్లక్ష్యమే. వాతావరణం మారాక అదే నిర్లక్ష్యం ఖరీదు ఎన్నో రెట్లు పెరిగింది.

రెండో దారి చట్టాలు, పన్నులు. బొగ్గు మండించేటప్పుడు, ఉక్కు, సిమెంటు లాంటివి తయారుచేసేటప్పుడు వెలువడే కార్బన్‌కు ఇప్పుడు ధర కడుతున్నారు. ఐరోపా సమాఖ్య తన సరిహద్దు కార్బన్ సుంకాన్ని 2026 జనవరి నుంచి పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. ఐరోపాకు ఉక్కు, అల్యూమినియం పంపే మన కంపెనీల ఖర్చు దాంతో మారుతుంది. ఉక్కు కంపెనీ షేరు పదేళ్లు ఉంచాలనుకుంటే, ఆ కంపెనీ కొలిమి దేనితో మండుతోందో కూడా చూడాల్సిందే.

సామాజిక ముప్పు అంటే ఏమిటి?

పనిచేసేవాళ్లను, చుట్టుపక్కల జనాన్ని లెక్కచేయకపోతే వచ్చేది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే దుస్తుల ఫ్యాక్టరీల భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయారు. అక్కడ బట్టలు కుట్టించుకున్న పెద్ద బ్రాండ్లు ప్రపంచానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ సడలించాక ప్లాంటు మళ్లీ తెరిచే సమయం అది. ఆ ఉదయం రోడ్ల మీద పడిపోయిన మనుషుల వీడియోలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. ఇలాంటి వాటిని పెట్టుబడి లెక్కగా మాత్రమే చూడటం నాకు మనసొప్పదు. ముందు అవి మనుషుల ప్రాణాలు. అయినా భద్రత మీద ఖర్చు తగ్గించి లాభం చూపించే కంపెనీని దూరంగా ఉంచితే, మనస్సాక్షికీ పొదుపుకీ రెండింటికీ మంచిది.

నెమ్మదిగా వచ్చే సామాజిక మార్పు ఇంకొకటి ఉంది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. మన తాతకు ఆరుగురు పిల్లలు, మనకు ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరూ ఏ డాలస్‌లోనో ఉంటే, ముసలితనంలో మన ఖర్చు మనమే చూసుకోవాలి. రిటైర్మెంట్ డబ్బు 75 ఏళ్లకు అయిపోతే సరిపోదు, 90 దాకా రావాలి.

ఈఎస్‌జీ ఫండ్ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి షేర్లు ఎంచే ఫండ్) కొంటే ఇవన్నీ తీరిపోతాయా?

పేరు చూసి కొనకండి. ఫండ్‌లో మొదటి పది కంపెనీల జాబితా తీసి చూస్తే, చాలాసార్లు మామూలు ఫండ్‌లో ఉండే బ్యాంకులు, ఐటీ కంపెనీలే కనిపిస్తాయి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో నమోదైన) కంపెనీలు 2022–23 నుంచి బాధ్యత, సుస్థిరతల మీద నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. వార్షిక నివేదికలో ఆ భాగం ఉంటుంది. ప్రమాదాల్లో చనిపోయిన కార్మికుల సంఖ్య, నీటి వాడకం అందులో దొరుకుతాయి. రెండు మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

పెద్ద పెద్ద సంస్థలు ఏం చేస్తాయి?

నార్వే గురించి చెప్పాలి. 1969లో ఉత్తర సముద్రంలో చమురు దొరికింది. 1996 నుంచి ఆ డబ్బును ఒక ఫండ్‌లో వేస్తున్నారు. జనాభా 55 లక్షలే, ఆ ఫండ్ దగ్గర మాత్రం ప్రపంచంలోని లిస్టెడ్ కంపెనీల షేర్లలో సగటున 1.5 శాతం ఉంది. నాకు నచ్చింది దాని పరిమాణం కంటే దాని నియమాలు. ఫండ్ డబ్బు నార్వేలో ఒక్క క్రోన్ కూడా పెట్టరు, అంతా బయటి దేశాల్లోనే. చమురు పడిపోయి దేశంలో ఇబ్బంది వచ్చినప్పుడు పొదుపు కూడా అదే దెబ్బకు పోకూడదని. పిన్ని చెరువుల సంగతి ఇప్పుడు మళ్లీ గుర్తు చేసుకోండి. ప్రభుత్వం ఏటా ఫండ్ నుంచి తీసుకునేది సగటున 3 శాతం మించకూడదన్నది మరో నియమం. పొగాకు కంపెనీలను 2010లో బయటపెట్టారు, తర్వాత ఎక్కువగా బొగ్గు మీద బతికే కంపెనీలనూ.

2008లో ఆ ఫండ్ 23.3 శాతం నష్టపోయింది. అమ్ముకుని పారిపోలేదు, ఆ పతనంలోనే షేర్లు కొంటూ వెళ్లింది. 2009లో 25.6 శాతం లాభం వచ్చింది.

విదేశీ ఫండ్లలో నేనూ పెట్టాలా?

కొంత పెట్టడం మంచిదే, నా పొదుపులో పదో వంతు అలా ఉంది. కానీ "విదేశీ" అంటే భద్రం అని కాదు. ఉక్రెయిన్ దాడి తర్వాత రెండు వారాలు కాకముందే, 2022 మార్చి 9న, ప్రపంచ షేర్ సూచీలు తయారుచేసే ఎంఎస్‌సీఐ సంస్థ రష్యా షేర్లను తన సూచీల నుంచి దాదాపు సున్నా ధరకు తీసేసింది. చమురు కంపెనీలు, బ్యాంకులు, అన్నీ మూతపడకుండా నడుస్తున్నవే. బయటి మదుపరులకు మాత్రం అమ్ముకునే దారి మూసుకుపోయింది. ఒకే దేశం మీద కాకుండా చాలా దేశాల మీద విస్తరించిన ఫండ్ అయితే ఇలాంటి దెబ్బ చిన్నదిగా ఉంటుంది. మన మ్యూచువల్ ఫండ్లు విదేశాల్లో పెట్టే డబ్బుకు పరిశ్రమ మొత్తానికి పరిమితి ఉంది కాబట్టి కొన్ని పథకాలు కొత్త డబ్బు తీసుకోవడం అప్పుడప్పుడు ఆపేస్తుంటాయి.

నాకు 56 ఏళ్లు. పాతికేళ్ల కుర్రాడికి చెప్పే సలహా నాకూ వర్తిస్తుందా?

వర్తించదు. కుర్రాడికి మార్కెట్ పడటం తక్కువ ధరకు కొనుక్కునే అవకాశం. మీకు 50 లక్షలు ఉండి, మొత్తం షేర్లలోనే పెట్టి, రిటైరైన ఏడాదే 40 శాతం పడిందనుకోండి. 30 లక్షలు మిగులుతాయి. నెలకు 30,000 చొప్పున తీస్తే ఏడాది చివరికి మిగిలేది 26.4 లక్షలు. మళ్లీ 50కి రావాలంటే దాదాపు రెట్టింపు కావాలి, మీరేమో తీస్తూనే ఉంటారు. అందుకే రిటైర్మెంట్‌కు నాలుగైదేళ్ల ముందు నుంచే, మొదటి ఐదారేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బు ఎఫ్‌డీలు, పోస్టాఫీసు పథకాల వైపు మార్చుకోండి. ఒకేసారి వద్దు, ఏటా కొంచెం కొంచెంగా.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి డబ్బంతా పంపి ఇక్కడ ప్లాట్లు కొంటానంటున్నాడు. మంచిదేనా?

ముందు అతని వీసా సంగతి అడగండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి నిద్ర లేదో నాకు తెలుసు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ సమయంలో డాలర్లలో, వెంటనే తీయగలిగే డబ్బు అతని దగ్గర ఉండాలి. ఏడాది ఖర్చు అక్కడే ఉంచుకున్నాక మిగిలినది ఎక్కడ పెట్టాలో మాట్లాడుకోవచ్చు.

రేపు పొద్దున పెద్ద వార్త వచ్చింది. అప్పుడేం చేయాలి?

ఆ రోజు ఏమీ అమ్మకండి, ఏమీ కొనకండి. 2020 మార్చిలో మా తమ్ముడు సిప్‌లు ఆపేస్తానని అర్ధరాత్రి ఫోన్ చేశాడు. వాడి టెన్షన్ నిజమైనదే. జీతంలో కోత పడింది, ఇంట్లో చిన్నపాప. మేం ముందు లెక్క వేసింది సిప్ గురించి కాదు, చేతిలో ఎన్ని నెలల ఖర్చు ఉంది అని. నాలుగు నెలలకు ఉంది. రెండు సిప్‌లు ఆపి ఆ డబ్బు ఇంటికి వాడమన్నాను, మిగిలిన రెండూ నడవనిచ్చాం. పాత యూనిట్లు ఒక్కటీ అమ్మలేదు. ఆగస్టులో జీతం మామూలు అయ్యాక ఆపినవి మళ్లీ మొదలుపెట్టాడు.